రెండు బండలు, రెండు కెమెరాలు

అనంతపురం జిల్లా శింగనమల మండలంలో గంపమల్లయ్య కొండ ఉంది. 2021 శ్రావణమాసంలో అక్కడ పూజ చేస్తూ ఒక పూజారి కాలు జారి పడి చనిపోయారు. నిటారు బండ, ఒంటికి తాడు లేదు. ఎవరో తీసిన ఆ వీడియో కొన్ని సెకన్లే. ఫోన్లలో తిరిగింది, చానెళ్ళలో వచ్చింది. కొందరు మూఢభక్తి అన్నారు. కొందరు దేవుడి దగ్గరికే పోయినాడన్నారు. రెండు మాటల్లోనూ బండ ఊసే లేదు.

ఆ వీడియోని 'ఫ్రీ సోలో' (2018) పక్కన పెట్టి చూడాలని నాకు చాన్నాళ్ళుగా ఉంది. జిమ్మీ చిన్, ఎలిజబెత్ చాయ్ వాసర్‌హెల్యీ తీసిన డాక్యుమెంటరీ అది, ఆస్కార్ కూడా వచ్చింది. అలెక్స్ హానల్డ్ 2017 జూన్ 3న యోసెమిటీలోని ఎల్ కాపిటన్‌ని, సుమారు 3,000 అడుగుల గోడని, తాడు లేకుండా నాలుగు గంటల లోపే ఎక్కేశాడు. అందరూ మాట్లాడేది ఆ నాలుగు గంటల గురించే. నాకైతే సినిమా అసలు బలం అంతకుముందు భాగంలో కనిపిస్తుంది. తాడు కట్టుకుని అదే దారిలో మళ్ళీ మళ్ళీ ఎక్కుతాడు. ఏ చెయ్యి ఎక్కడ, ఏ కాలు ఎప్పుడు అని నోట్‌బుక్‌లో రాసుకుంటాడు. ఎక్కేవాళ్ళు దీన్ని రూట్ చదవడం అంటారు. బండ మీద చెయ్యి వెయ్యకముందే నాలుగడుగుల తర్వాతి అడుగు తెలిసి ఉండాలి.

2016లో మొదటి ప్రయత్నాన్ని అతను మధ్యలోనే వదిలేసి వస్తాడు. అతన్ని ఆపింది కింది భాగంలోని ఏటవాలు నున్నటి బండ. అక్కడ పట్టుకోవడానికి ఏమీ ఉండదు, అరికాలి రాపిడే ఆధారం. అనంతపురం గుండ్లు చూసినవాళ్ళకి ఆ బండ కొత్తగా అనిపించదు.

సినిమాతో నాకో పేచీ ఉంది. చివరికొచ్చేసరికి అది నోట్‌బుక్‌ని పక్కన పడేసి, సంగీతంతో మన గుండె దడ మీద ఆడుకుంటుంది. అయినా ఒక నిజాయితీ మిగిలింది: ఒక కెమెరామన్ చూడలేక మొహం తిప్పుకోవడాన్ని కూడా చూపించారు. మన వీడియో చూసినవాళ్ళం మాత్రం మళ్ళీ ప్లే నొక్కాం.

ఏటా జరిగే పూజకి ఏటా నడిచే దారి ఉంటుంది. కాలు ఎక్కడ ఆనించాలో, శ్రావణం జల్లుకి ఏ చోట జారుతుందో ఆ కొండ ఎక్కేవాళ్ళకి తెలిసే ఉంటుంది. అదీ చదువే. దాన్ని ఎవరూ రికార్డు చెయ్యలేదు. పడటం ఒక్కటే రికార్డయింది.

ఐతే ఆ చదువుని కీర్తించి ఊరుకుంటే అదీ మోసమే. హానల్డ్ తాడు ఉన్నప్పుడు తప్పు చదివి, వేలాడి, సరిదిద్దుకున్నాడు. మలావత్ పూర్ణ కూడా ముందు భువనగిరి బండ మీద తాళ్ళతో నేర్చుకుని, 2014 మే 25న పదమూడేళ్ళకే ఎవరెస్ట్ ఎక్కింది. తాడు ఉంటే తప్పు చేసి కూడా బతుకుతాం, మళ్ళీ చదువుతాం. గంపమల్లయ్య కొండ మీద చిత్తుప్రతి లేదు, ప్రతిసారీ తుది ప్రతే.

పూజారి నడుముకి ఒక తాడు కడితే మల్లయ్య మహిమేమీ తగ్గదు. తగ్గేదల్లా ఇంకో వైరల్ వీడియో.