పోషకుడు – కృతిభర్త: తంజావూరి నిదర్శనము

తెలుగు సంఘముల చందాపట్టికలలో ‘మహారాజపోషకులు’, ‘రాజపోషకులు’, ‘పోషకులు’ అను తరగతులు కానవచ్చును. ఈ తారతమ్యమును నిర్ణయించునది ఇచ్చిన ధనమే. ప్రాచీన సాహిత్యమున దీనికి సాటివచ్చు పదము ‘కృతిభర్త’. భర్త యనగా భరించువాడు. కావ్యమును కన్యగా భావించి కవి యతని చేతిలో పెట్టెడివాడు. ధనము, అగ్రహారము, సన్మానము ఆ సంబంధమున నొక భాగము మాత్రమే.

ప్రబంధముల కూర్పును పరిశీలించినచో నీ విషయము విశదమగును. అవతారికలో కృతిభర్త వంశవర్ణనము, పిదప షష్ఠ్యంతములు. ఆశ్వాసముల యాద్యంతములందు అతనికి సంబోధనము. కథ యంతయు అతడు వినుచున్నట్లే సాగును. కావున కృతిభర్త ముందుగా శ్రోత, పిమ్మట దాత. పోతన భాగవతమును శ్రీరామునికిని, కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదను శ్రీవేంకటేశ్వరునికిని అంకిత మొనర్చినపుడు ధనదాత యను అర్థము తొలగినది; శ్రోతస్థానము నిలిచియే యున్నది.

తంజావూరి రఘునాథనాయకుడు (1600–1634) స్వయముగా కవి, వాల్మీకిచరిత్రము రచించెను. చేమకూర వేంకటకవి విజయవిలాసమున పదపదమునకును చూపిన చమత్కారము అట్టి రసజ్ఞునికి అంకితమగుటచేత సార్థకమైనది. అయితే ఈ పద్ధతియందు దోషమును గలదు. ఏకైక శ్రోతను మెప్పించుటయే పరమావధి యైనచో స్తుతి పెచ్చుపెరుగును. రంగాజమ్మ మన్నారుదాసవిలాసమున విజయరాఘవనాయకుడే కథానాయకుడు. వినువాడే నాయకుడైనచోట విమర్శకు తావెక్కడిది? అయినను అట్టి విదుషికి రాజసభలో స్థాన మొసగినదియు ఆ యాశ్రయమే.

1673లో నాయకరాజ్య మంతరించెను. పిదప వచ్చిన మరాఠా ప్రభువుల మాతృభాష తెలుగు కాదు. అయినను శాహజీ (1684–1712) తెలుగున యక్షగానములు రచించెను. రెండవ శరభోజి (1798–1832) సరస్వతీ మహలును సుసంపన్న మొనర్చెను. 1918లో నది ప్రజాగ్రంథాలయమైనది. ఇచ్చుట, వినుట యను వానికి తోడు నిలుపుట యనునదియు పోషణమున నొక యర్థమని యిందువలన తెలియుచున్నది.

తమిళనాట తరతరములుగా స్థిరపడిన తెలుగువారిలో ఇంట తెలుగు మాటాడుచు, లిపి చదువనేరనివారు పెక్కుమంది. వారి సంఘములకు దాతలు లేకపోలేదు; కొరవడుచున్నవాడు శ్రోతయే. తాళపత్రము భద్రముగనే యున్నది. విప్పి చదువువారు అరుదగుచున్నారు. ఒక బిడ్డకు ఓనమాలు దిద్దించి, ఒక పద్యము చదివించి, దాని యర్థము విని యానందించువాని పేరు చందాపట్టికలో నే తరగతియందును లేకపోవచ్చును. పూర్వకవులు ఎరిగిన యర్థమున కృతిభర్త యతడే.