తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ – సేకర్తల మోజు

ప్రహ్లాదుని కథ యెంతటి భక్తికథయో అంతటి ప్రాణరక్షణ కథ. ఏనుగులు త్రొక్కినను, పాములు కరచినను, అగ్నిలో ద్రోసినను, కడలిలో ముంచినను పసివాడు బ్రతికి వచ్చును. అర్దేషిర్ ఇరానీ నిర్మాణమున, హెచ్. ఎం. రెడ్డి దర్శకత్వమున బొంబాయిలో తయారైన తొలి తెలుగు టాకీ యీ కథనే గ్రహించినది. ఇన్ని గండములు గడచిన బాలుని జూపిన ఆ చిత్రము మాత్రము నేడు లేదు. దాని ప్రతి యెచ్చటను లభించుట లేదు. సేకర్తల మోజునకు మూలమిదియే.

ధర్మవరం రామకృష్ణమాచార్యుల నాటకము దీనికాధారము. సింధూరి కృష్ణారావు ప్రహ్లాదుడు, మునిపల్లె సుబ్బయ్య హిరణ్యకశిపుడు, సురభి కమలాబాయి లీలావతి. చండామార్కుల శిష్యులలో మొద్దబ్బాయి ఎల్. వి. ప్రసాద్. అయినను నేటివారి మనస్సులో ప్రహ్లాదుడనగానే నిలుచునది 1967 నాటి చిత్రమందలి రోజారమణి ముఖము, ఎస్. వి. రంగారావు కంఠము. తొలి చిత్రమును గూర్చి వ్రాయబూనినవారు తెలియకయే తరువాతిదానిని వర్ణించుట కలదు. అందువలన కాగితపు సాక్ష్యమే శరణ్యము.

ఆ సాక్ష్యము చేసిన మేలు చిన్నది కాదు. చిత్రము 1931 సెప్టెంబరు 15న విడుదలయైనదని పుస్తకములు చిరకాలము చెప్పుచు వచ్చినవి. పాత్రికేయుడు రెంటాల జయదేవ పాత ఆధారములను శోధించి, అది 1932 జనవరి 22న సెన్సారై, ఫిబ్రవరి 6న బొంబాయి కృష్ణా సినిమాలో విడుదలయైనదని నిరూపించిరి. ఐదు నెలల తేడా స్వల్పమని కొందరందురు. కాని తెలుగు మాటలు, పాటలు గల ‘కాళిదాస్’ 1931 అక్టోబరు 31న వెలువడినది. తెరపై తెలుగు మొదట వినబడినది దేనియందన్న ప్రశ్నకు ఆ తేడాయే సమాధానము.

1912లో జర్మనీలో మిమె మిసు తీసిన టైటానిక్ మునక చిత్రము నశించినదనియే చాలకాలము తలచిరి. 1998లో అది ఒక సేకర్తయొద్ద బయల్పడినది. అపురూపమను గర్వముతో బీరువాలో తాళమువేసిన ప్రతికిని, నశించిన ప్రతికిని చరిత్రకారుని దృష్టిలో భేదము లేదు.

బల్లార్‌పూర్ తెలుగువారికిది పరాయి విషయము కాదు. తెలుగు టాకీ పుట్టినదియు, మొదట ఆడినదియు నేటి మహారాష్ట్రముననే. కాగితపు మిల్లునకు, బొగ్గుగనులకు తరలివచ్చిన కుటుంబముల పెట్టెల అడుగున పాత పాటల పుస్తకములు, కరపత్రములు ఉండవచ్చును. తూకమునకు వేయుటకు ముందు వానిలో తారీకు, సినిమాహాలు పేరు చూడవలెను. అట్ట చిరిగినను నష్టము లేదు. ఆ రెండును గల పుట దక్కిన జాలును.