ధ్వని లేఖనంలో 'తప్పు' ఏది? – నల్లగొండ, పాలమూరు పలుకుబడి ఆధారంగా ఒక పరిశీలన

మాటను విని అక్షరంగా మార్చే సాధనాల ఖచ్చితత్వాన్ని సాధారణంగా పదదోష శాతంతో కొలుస్తారు. మారిన, జారిన, అదనంగా చేరిన పదాల మొత్తాన్ని మూలప్రతిలోని పదాల సంఖ్యతో భాగించగా వచ్చేదే ఈ శాతం. ఈ కొలమానం తెలుగుకు, అందులోనూ దక్షిణ తెలంగాణ పలుకుబడికి ఎంతవరకు న్యాయం చేస్తుందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

'వాడు ఇంటికి పోయిండు' అనే మూడు పదాల వాక్యాన్ని తీసుకుందాం. యంత్రం దీనిని 'వాడు ఇంటికి పోయాడు' అని రాస్తే ఒక పదమే మారినట్లు. దోషం 33 శాతం. 'వాడింటికి పోయిండు' అని రాస్తే ఒక పదం మారి, మరొకటి జారినట్లు లెక్క. దోషం 67 శాతం. రెండవ లేఖనంలో జరిగింది ఉత్వసంధి మాత్రమే. వక్త పలుకు చెక్కుచెదరలేదు. మొదటి దానిలో క్రియారూపమే మారిపోయింది. అయినా పలుకును నిలిపిన లేఖనానికే రెట్టింపు శిక్ష పడుతున్నది. కాబట్టి శాతం తగ్గినంత మాత్రాన లేఖనం మెరుగైందని చెప్పలేము.

ఈ మార్పుకు కారణం స్పష్టమే. విన్న ధ్వనితో పాటు, ఏ మాట తరువాత ఏ మాట రాగలదన్న అంచనాపై కూడా యంత్రం ఆధారపడుతుంది. ఆ అంచనా అచ్చులో విస్తారంగా లభించే పత్రికాభాష నుండి ఏర్పడితే 'పోయిండు' కంటే 'పోయాడు' సంభావ్యంగా తోస్తుంది. మెట్టభూమి అనే అర్థంలోని 'చెలక' 'చిలుక'గా, బావి అనే అర్థంలోని 'బాయి' 'భాయి'గా మారే ప్రమాదం ఇటువంటిదే.

ఇది కేవలం సాంకేతిక సమస్య కాదు. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మౌఖిక కథనాలతో స్త్రీశక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర'ను వెలువరించింది. నల్లగొండ ప్రాంతపు మల్లు స్వరాజ్యం వంటి వారి జ్ఞాపకాలకు అందులో చోటు దక్కింది. అటువంటి కథనాలను రేపు యంత్రం చేత రాయిస్తే, అది చెప్పకుండా చేసే 'సవరణ' సాక్ష్యాన్నే మార్చివేస్తుంది. పాఠపరిష్కర్త పాఠాంతరాన్ని అధోజ్ఞాపికలోనైనా చూపుతాడు. యంత్రం ఆ జాడను కూడా మిగల్చదు.

కార్యాలయ లేఖకు ప్రామాణిక రూపమే కావాలని కోరేవారు ఉండవచ్చు. ఆ కోరిక సమంజసమే. అయితే వినడం, ప్రామాణీకరించడం వేర్వేరు పనులు. మొదట ఉచ్చారణానుగుణమైన ప్రతి సిద్ధం కావాలి. ఆపైన వక్త కోరితేనే రెండవ రూపం రావాలి.

దోష నివారణకు ఆకరాలు మన వద్దనే ఉన్నాయి. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం వ్యవసాయ సంపుటం, పాలమూరు పలుకుబడిని కథల్లోకి తెచ్చిన పాకాల యశోదారెడ్డి 'మా వూరి ముచ్చట్లు' ఈ పనికి తోడ్పడగలవు. ముద్రిత పదం మాత్రమే చాలదు. ఆయా గ్రామాల వృద్ధుల, స్త్రీల, శ్రామికుల గొంతులు కూడా శిక్షణ దత్తాంశంలో చేరాలి. మూల్యాంకనంలో సంధి వల్ల కలిగే విభజన భేదాన్ని దోషంగా లెక్కించరాదు. పదదోషంతో పాటు అక్షరదోషాన్నీ, మాండలిక రూపాలు ఎన్ని నిలిచాయన్న లెక్కనూ విడిగా చూపాలి.

పై చర్చను బట్టి, దిద్దుబాటుకు ముందు 'తప్పు' నిర్వచనాన్నే దిద్దుకోవలసి ఉన్నదని తేలుతున్నది. ఆ నిర్వచన బాధ్యతను సాంకేతిక నిపుణులకే విడిచిపెట్టక తెలుగు శాఖలు కూడా స్వీకరించాలి.