ట్యాంకు లోపల కూర్చోబెట్టండి

అసలు ట్యాంకు తెచ్చి కెమెరా ముందు నిలబెడితే యుద్ధం సినిమాకి నిజం దానంతటదే వచ్చేస్తుందని చాలామంది దర్శకుల నమ్మకం. నాకు ఆ నమ్మకం లేదు.

2014లో వచ్చిన హాలీవుడ్ సినిమా ‘ఫ్యూరీ’నే తీసుకోండి. ఇంగ్లండ్‌లోని బోవింగ్టన్ మ్యూజియం నుంచి నిజమైన జర్మన్ టైగర్ ట్యాంకును తెచ్చారు. 1943లో ట్యునీషియాలో పట్టుబడ్డ బండి అది, ఇప్పటికీ నడుస్తుంది. దాన్ని చూస్తుంటే ఒళ్లు గగుర్పొడుస్తుంది. కానీ కిలోమీటరు దూరం నుంచే శత్రువును కొట్టగల ఆ టైగర్, చాటు వదిలేసి అమెరికన్ ట్యాంకుల మీదికి దూసుకొస్తుంది. అంత దూరంలోనే ఉండిపోతే రెండు పక్షాలూ ఒకే ఫ్రేములో పట్టవు మరి. బండి నిజమైనదే, దాన్ని నడిపే మనిషి నిర్ణయం మాత్రం అబద్ధం.

ఆ నిర్ణయం ఎలాంటి చోట పుడుతుందో నాకు కొంత తెలిసింది మా చెన్నై పక్కనున్న ఆవడిలోనే. 1965లో మన తొలి విజయంత ట్యాంకు తయారై బయటికొచ్చింది ఇక్కడి ఫ్యాక్టరీ నుంచే. ఈ చుట్టుపక్కల ఇళ్లు కట్టుకున్న మాజీ సైనికుల్లో మన తెలుగువాళ్లూ ఉన్నారు. విజయంతలో లోడర్‌గా చేసిన ఒక పెద్దాయన, చిత్తూరు వైపు మనిషి, వాకిట్లో కుర్చీలో కూర్చుని గుండు ఎలా ఎక్కించాలో చేసి చూపించారు. ఎడమచేత్తో పట్టు, కుడిచెయ్యి పిడికిలి బిగించి వెనకనుంచి ఒక్క తోపు. “వేళ్లు చాపకూడదు సార్. బ్రీచ్ ఠప్పున మూసుకుంటుంది, వేళ్లు ఉండవు” అన్నారు. పేల్చగానే ఫిరంగి వెనక్కి తంతుంది, కాలుతున్న ఖాళీ తూటా గొట్టం కిందపడుతుంది, లోపలంతా పొగ. బయట ఏం జరుగుతోందో లోడర్‌కి తెలీదు. చెవుల్లో కమాండర్ గొంతు ఒక్కటే దిక్కు. మూత వేసుకున్నాక డ్రైవర్‌కి కనిపించేది పెరిస్కోపు అద్దంలో పట్టినంత నేల.

అందుకే కమాండర్లు ప్రాణానికి తెగించి తల బయటపెడతారు. 1971 నవంబరులో, ఇప్పటి బంగ్లాదేశ్‌లోని గరీబ్‌పూర్ దగ్గర, దట్టమైన పొగమంచులో జరిగిన ట్యాంకుల పోరులో మేజర్ దల్జీత్ సింగ్ నారంగ్ అలాగే పైకి నిలబడి తన స్క్వాడ్రన్‌ను నడిపిస్తూ మెషిన్‌గన్ గుళ్లకు నేలకొరిగారు. మరణానంతరం ఆయనకు మహావీర చక్ర ఇచ్చారు. కెప్టెన్ బల్‌రామ్ సింగ్ మెహతా పగ్గాలు అందుకున్నారు. 14 పీటీ-76లున్న ఆ స్క్వాడ్రన్ పాకిస్తాన్ ట్యాంకుల స్క్వాడ్రన్‌ను మట్టికరిపించింది. పీటీ-76 అంటే నీళ్లమీద తేలే తేలికపాటి బండి, కవచం పలుచన. దాని ముద్దుపేరుతోనే 2023లో ‘పిప్పా’ సినిమా వచ్చింది. పొగమంచులో ఎదుటిది మిత్రుడి బండో శత్రువుదో తెలియక పోరాడటం కంటే ఉత్కంఠ ఏ బాంబు పేలుడులో ఉంటుంది?

‘బోర్డర్’ (1997) సినిమా విషయంలో నాకు బాధ ఇంకా ఎక్కువ. ఆ సినిమాకి ఆధారం అదే 1971 యుద్ధంలో రాజస్థాన్ సరిహద్దులోని లోంగేవాలా పోరు. అక్కడ మేజర్ కుల్‌దీప్ సింగ్ చాంద్‌పురీ, ఆయన జవాన్లు రాత్రంతా పాకిస్తాన్ ట్యాంకుల్ని ఆపారు. తెల్లారాక జైసల్మేర్ నుంచి వచ్చిన హంటర్ విమానాలు వాటిని వేటాడాయి. మనవైపు చనిపోయింది ఇద్దరే. కన్నీళ్ల కోసం సినిమా ఎందరినో చంపేసింది. ఆ పోరులో పాల్గొని, తెరమీద వీరమరణం పొందిన భైరోం సింగ్ రాథోడ్ నిజానికి 2022 డిసెంబరు దాకా బతికున్నారు! బతికున్న మనిషిని చంపి చూపించడాన్ని నేను ఏ ‘సినిమాటిక్ లిబర్టీ’ కిందా ఒప్పుకోలేను. ప్రాణాలతో గెలవడం తక్కువ వీరత్వమా?

భారీతనం వద్దని కాదు, థియేటర్ దద్దరిల్లాలి. అయితే ఆ దద్దరింపు లోపలున్న మనిషి ఎముకల్లోంచి రావాలి. ఇజ్రాయెల్ దర్శకుడు శామ్యూల్ మావోజ్ 1982 లెబనాన్ యుద్ధంలో స్వయంగా ట్యాంకు గన్నర్. ఆయన ‘లెబనాన్’ సినిమా దాదాపు మొత్తం ట్యాంకు లోపలే నడుస్తుంది, బయటి ప్రపంచం గన్ సైట్‌లోంచే కనిపిస్తుంది. 2009లో వెనిస్‌లో గోల్డెన్ లయన్ గెలిచింది. మనకూ ఈ విద్య కొత్త కాదు. ‘ఘాజీ’లో సంకల్ప్ రెడ్డి జలాంతర్గామి ఇరుకులోనే ప్రేక్షకుణ్ణి కట్టిపడేశాడు.

కాబట్టి ట్యాంకు కథ ఎత్తుకోబోయే మన దర్శకులకు నా మనవి ఒక్కటే. కథ రాసే ముందు ఆవడి వచ్చి ఇలాంటి పెద్దవాళ్ల దగ్గర నాలుగు రోజులు కూర్చోండి. చెప్పడానికి వాళ్లు సిద్ధంగానే ఉన్నారు, వయసే వాళ్ల కోసం ఆగడం లేదు.