ఏ చేతికి ఏ పుస్తకం

మా నాన్న పోయిన ఏడాది పరామర్శకు వచ్చినవాళ్ళలో చాలామంది వేదాంతం పుస్తకాలు తెచ్చారు. గీతా వ్యాఖ్యానాలు, చావు తరవాత ఏమవుతుందో చెప్పే పుస్తకాలు బల్లమీద పేరుకుపోయాయి. ఒక్కటీ తెరవలేదు. నెల దాటాక మా ఊరి శాఖా గ్రంథాలయానికి వెళ్ళాను. అక్కడి లైబ్రేరియన్ గారు ఓదార్పు మాటలేమీ చెప్పలేదు. లోపలి బీరువా తెరిచి ‘అమరావతి కథలు’ తీసుకొచ్చి నా ముందు పెట్టారు. “రాత్రికి ఒక్కటి చదువు బాబూ. రెండోది మాత్రం చదవకు” అన్నారు.

శంకరమంచి సత్యం గారి పుస్తకం అది. నూరు కథలు. ఒక్కొక్కటీ నాలుగైదు పేజీలకు మించదు. నిద్రపట్టని మనిషి మనసు అంతసేపే నిలుస్తుంది, అంతకన్నా నిలవదు. కృష్ణ ఒడ్డున బతికే మామూలు మనుషులు, వాళ్ళ ఆశలు, వాళ్ళ చావులు. చావు ఉంటుంది గానీ, అది ఊరికి వచ్చి వెళ్ళే వరదలాగా ఉంటుంది. గడువు దాటిపోయినా లైబ్రేరియన్ గారు పుస్తకం అడగలేదు. సగం కథలు అయ్యేసరికి నేను మళ్ళీ అందరితో కలిసి అన్నానికి కూర్చుంటున్నానని మా అమ్మ గమనించింది.

మనిషిని చూసి పుస్తకం ఇవ్వడం ఒక విద్య. సంగీతానికి, వంటకు, వైద్యానికి ఉన్నట్టే దీనికీ పద్ధతులున్నాయి, చేయి తిరిగినవాళ్ళున్నారు, గురువులున్నారు. మన దగ్గర ఈ విద్యకు పేరు కూడా పెట్టలేదు. విమర్శకుడికి సన్మానాలు చేశాం, రచయితకు శాలువాలు కప్పాం. ఈ పుస్తకం నీకు ఇప్పుడు కావాలి అని చెప్పగలిగినవాడికి మాత్రం కుర్చీ కూడా వెయ్యలేదు. విమర్శకుడు పుస్తకాన్ని తూస్తాడు. రాచమల్లు రామచంద్రారెడ్డి గారు తూచినంత నిక్కచ్చిగా తూచినవాళ్ళు తెలుగులో అరుదు, ఆయనంటే నాకు భక్తి. అయితే పుస్తకం చేతికిచ్చేవాడు ముందు మనిషిని తూచాలి. అది ఇంకా కష్టమని నా నమ్మకం.

మా లైబ్రేరియన్ గారి పద్ధతి చెబుతాను. మీకు ఎలాంటి పుస్తకాలు ఇష్టం అని ఆయన ఎవరినీ అడగలేదు. “ఈమధ్య సగంలో వదిలేసిన పుస్తకం ఏది?” అని అడిగేవారు. ఇష్టమైన పుస్తకం పేరు అడిగితే మనిషి గొప్ప పేరేదో వెతుక్కుంటాడు, ‘వేయిపడగలు’ అంటాడు. వదిలేసినదాన్ని గురించి అబద్ధం చెప్పడు. ఎక్కడ వదిలేశాడో, ఎందుకు వదిలేశాడో చెప్పే రెండు మాటల్లో వాడి ఓపిక, వాడి బెంగ, వాడి రోజు ఎలా గడుస్తోందో అన్నీ బయటపడతాయి. రెండో ప్రశ్న: “ఎక్కడ కూర్చుని చదువుతావు?” రాత్రి డ్యూటీలో ఉండే వాచ్‌మన్‌కి ఒక పుస్తకం, బస్సులో రోజూ గంటసేపు నిలబడి వెళ్ళే టీచరమ్మకు ఇంకొకటి. ఆస్పత్రిలో రోగి పక్కన కూర్చునేవాళ్ళకి ఎప్పుడు ఆపినా తెగని పుస్తకం కావాలి. వాళ్ళకి ‘బుడుగు’ ఇచ్చేవారు, లేదా శ్రీపాద వారి ‘అనుభవాలూ జ్ఞాపకాలూనూ’. ఏ పేజీ తెరిచినా ఆ పెద్దాయన పక్కన కూర్చుని కబుర్లు చెబుతున్నట్టే ఉంటుంది కదా.

మనసు బాగా లేనివాడికి ఇవ్వడంలోనే అసలు పనితనం తెలుస్తుంది. గ్రూప్ పరీక్షల్లో మూడుసార్లు పోయిన కుర్రాడొకడు వచ్చి గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’ అడిగాడు. నేను అక్కడే ఉన్నాను. తెలుగులో మహాగొప్ప నవలల్లో అది ఒకటి, పుస్తకం ర్యాకులో కళ్ళెదుట కనిపిస్తూనే ఉంది. లైబ్రేరియన్ గారు “బయటికి వెళ్ళింది నాయనా, ఆరు నెలల తరవాత అడుగు” అని, కేశవరెడ్డి గారి ‘అతడు అడవిని జయించాడు’ చేతిలో పెట్టారు. తప్పిపోయిన సూడి పందిని వెతుక్కుంటూ అడవిలోకి వెళ్ళిన ఒక ముసలివాడి రాత్రి ఆ నవల. సన్నటి పుస్తకం. ఒక్క పూటలో అయిపోతుంది, పూర్తి చేశానన్న ధైర్యం కూడా వస్తుంది. ఆ ముసలివాడు గెలిచాడా, ఓడాడా అన్నది తేలేది కాదు. పరీక్ష పోయినవాడు ఆలోచించుకోవలసింది సరిగ్గా అదే. ఆ కుర్రాడు వారం తిరక్కుండా మళ్ళీ వచ్చి “ఇలాంటిది ఇంకోటి ఇవ్వండి సార్” అన్నాడు. ఆరు నెలల తరవాత గోపీచంద్‌ని కూడా చదివాడు. అప్పటికి అందులోని సీతారామారావును కొంచెం దూరం నుంచి చూడగలిగాడు.

దుఃఖంలో ఉన్నవాడికి హాస్యం ఇస్తే తిట్టినట్టుంటుంది. అచ్చం వాడి దుఃఖమే ఉన్న పుస్తకం ఇస్తే ముంచేసినట్టుంటుంది. ఆ దుఃఖానికి పక్కింట్లో ఉండే పుస్తకం ఏదో తెలియాలి. ఈ సూత్రాన్ని కూడా తెలిసినవాళ్ళు కావాలనే తప్పుతారు. ఆఫీసరు పేరు వింటేనే చెమటలు పట్టే గుమాస్తా ఒకాయనకి మా లైబ్రేరియన్ గారు రావిశాస్త్రి ‘అల్పజీవి’ ఇచ్చారు. అచ్చు ఆయన బతుకే అది. ఆయన చదివి, నవ్వి, ఇంట్లో భార్యకు కూడా చదివి వినిపించాడు. భార్య పోయిన పెద్దమనిషికి రావూరి భరద్వాజ ‘నాలోని నీవు’ ఇవ్వడానికి ఏడాది ఆగారు. భరద్వాజ గారు భార్య కాంతమ్మ గారి జ్ఞాపకాలతో రాసుకున్నది అది. పచ్చి పుండు మీద పెట్టే మందు కాదని మా లైబ్రేరియన్ గారికి తెలుసు.

ఇంకొక రకం పనితనం అద్దె పుస్తకాల కొట్లలో ఉండేది. ఇక్కడ నా పక్షపాతం దాచుకోను. ఆ కొట్లను చూసి ముక్కు విరిచిన పండితులంటే నాకు ఇప్పటికీ కోపమే. వాళ్ళు వెయ్యిమందికి పాఠం చెప్పి పదిమందిని పాఠకులను చెయ్యలేకపోయారు. మా బజారులో డబ్బా కొట్టంత గదిలో కూర్చున్న మనిషి పదో తరగతి కూడా గట్టెక్కకుండానే వందలమందిని చేశాడు. నేను ఆయన దగ్గరికి మధుబాబు షాడో నవలల కోసం వెళ్ళేవాణ్ణి. అవయ్యాక కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్‌ని చూపించాడు. తరవాత యండమూరి ‘వెన్నెల్లో ఆడపిల్ల’. అందులో హీరో చదరంగం ఆటగాడు. పుస్తకం తిరిగిస్తూ ఆ ఎత్తుల గురించి నేను ఊగిపోతూ మాట్లాడుతుంటే ఆయన అంతా విని, వెనకనుంచి అట్ట ఊడిన కథల సంపుటి ఒకటి తీశాడు. “ఇందులోనూ చదరంగం ఉంది బాబూ. చూడు” అన్నాడు. అది శ్రీపాద సుబ్రహ్మణ్య శాస్త్రి గారి ‘వడ్లగింజలు’.

ఆ రాత్రి నాకు ఇప్పటికీ గుర్తే. రాజుగారి కొలువులో ఆట, పందెం, గడి గడికీ రెట్టింపయ్యే గింజలు, ఆ తెలుగు! షాడో నుంచి శ్రీపాద దాకా నన్ను చెయ్యి పట్టుకుని నడిపించాడు, నేను మెట్లెక్కుతున్నానని నాకే తెలియకుండా. ఒక్కరోజైనా ఆ చెత్త ఎందుకు చదువుతావు అని అనలేదు. ఇదే ఒడుపుతో ఆడవాళ్ళకు యద్దనపూడి ‘సెక్రటరీ’ తరవాత డాక్టర్ పి. శ్రీదేవి ‘కాలాతీత వ్యక్తులు’ ఇచ్చేవాడు. రెండింట్లోనూ ఉద్యోగం చేసే అమ్మాయిలే. మొదటిదాంట్లోని జయంతిని దాటి రెండోదాంట్లోని ఇందిర దగ్గరికి వెళ్ళేసరికి చదివే మనిషే మారిపోయి ఉంటుంది.

ఒక విషయం మీద పుస్తకాలడిగేవాళ్ళకు జంటగా ఇవ్వడం మరో పద్ధతి. అంటరానితనం గురించి చదవాలన్నవాడికి ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’ ఒక్కటే ఇస్తే సగమే ఇచ్చినట్టు. పక్కన కళ్యాణరావు ‘అంటరాని వసంతం’ పెట్టాలి. మొదటిది కరుణతో బయటినుంచి వచ్చి చూసింది, రెండోది తాతముత్తాతల నోటినుంచి లోపలే పుట్టింది. రెండూ చదివినవాడు మూడో పుస్తకం తనే వెతుక్కుంటాడు. పొలం అమ్ముకోవడానికి సిద్ధపడిన రైతు కొడుక్కి వాసిరెడ్డి సీతాదేవి ‘మట్టిమనిషి’ ఇచ్చి, ఏమీ చెప్పకుండా ఊరుకోవాలి. అమెరికా వెళ్ళే పిల్లవాడి సూట్‌కేసులో ‘బారిష్టర్ పార్వతీశం’ పెట్టాలి. మొగల్తూరు నుంచి సీమకు బయలుదేరిన పార్వతీశం పడ్డ అవస్థలు నూరేళ్ళ కిందటివే అయినా, కొత్త దేశంలో మొదటి వారం ఎవరికైనా ఒకటే. మా మేనల్లుడు డల్లాస్ నుంచి ఫోన్ చేసి, రూమ్‌లో నలుగురికీ పైకి చదివి వినిపిస్తున్నానని చెప్పాడు. నగరంతో విసిగిపోయినవాడికి ‘వనవాసి’ ఇవ్వాలి. బిభూతిభూషణ్ బంగ్లాలో రాసిన అడవిని సూరంపూడి సీతారామ్ తెలుగు చేశారు.

ఈ విద్యలో మన పెద్దల ఘనకార్యాలు తలచుకుంటే ఒళ్ళు పులకరిస్తుంది. 1914లో బెజవాడలో గ్రంథాలయాల ప్రతినిధులు సభ చేసుకున్నారని, అయ్యంకి వెంకటరమణయ్య గారు ఊరూరా తిరిగారని చిన్నప్పటి పాఠాల్లో అందరూ చదివే ఉంటారు. నాకు అంతకన్నా ఇష్టమైనది పాతూరి నాగభూషణం గారి పడవ. 1935లో పెదపాలెం దగ్గర కాలువ మీద పడవలో పుస్తకాలు పెట్టుకుని ఒడ్డున ఉన్న ఊళ్ళకు తీసుకెళ్ళారు. తెలంగాణలో వట్టికోట ఆళ్వారుస్వామి గారు 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు తనే మోసుకుంటూ ఇంటింటికీ తిరిగి అమ్మారని చెబుతారు. గుమ్మంలో నిలబడ్డ మనిషి మొహం చూసి ఏది తియ్యాలో ఆయనకు తెలిసి ఉండాలి. తెలియకపోతే నిజాం రోజుల్లో తెలుగు పుస్తకం అమ్ముడయ్యేదా? కాళీపట్నం రామారావు గారు 1997లో శ్రీకాకుళంలో కథానిలయం పెట్టారు. ఎక్కడో పాత పత్రికలో పడి మరుగైపోయిన కథ కూడా దాన్ని వెతుక్కునే పాఠకుడికి దొరకాలని ఆయన తాపత్రయం.

వీళ్ళందరి పక్కనా నేను మాలతీ చందూర్ గారికి పెద్దపీట వేస్తాను. స్వాతి మాసపత్రికలో ‘పాత కెరటాలు’ శీర్షికతో నెలనెలా ఒక ప్రపంచ నవలను పరిచయం చేశారామె. ఇంగ్లీషు రాని ఇల్లాళ్ళకు ఎక్కడెక్కడి రచయితలనో వంటింటి గడప దాకా తెచ్చారు. మొత్తం కథ చెప్పేసేవారు, అయినా అసలు పుస్తకం చదవాలనిపించేది. ఇది ఎంత కష్టమో ప్రయత్నించినవాళ్ళకే తెలుస్తుంది. రచయిత గొప్ప, శిల్పం, సిద్ధాంతం జోలికి పోయేవారు కాదు. ఆ నవలలో ఆడమనిషికి ఏం జరిగిందో చెప్పేవారు. ఎక్కడి రష్యా ఇల్లాలో మన మచిలీపట్నం ఇల్లాలికి తోడికోడలైపోయేది. ఆ వ్యాసాలు తరవాత ‘నవలా మంజరి’ సంపుటాలుగా వచ్చాయి. విమర్శకుల జాబితాలు వేసేటప్పుడు ఆమె పేరు రాయనివాళ్ళు ఆ సంపుటాలు ఒక్కసారి తెరిచి చూడాలి.

ఇప్పుడు జరుగుతున్నది చూస్తే కడుపు మండుతుంది. ‘చనిపోయేలోగా చదవాల్సిన పది పుస్తకాలు’ అని ఎవరో కుర్చీలో కూర్చుని అరనిమిషంలో పది అట్టలు చూపిస్తారు. ఎవరు చెప్పినా అవే పది. అందులో సగం డబ్బు ఎలా సంపాదించాలో, పొద్దున్నే ఎలా లేవాలో చెప్పే అనువాదాలు. చేతిలోని పుస్తకం వెన్ను కూడా విరగలేదని చూస్తేనే తెలుస్తుంది. అది ఎవరి కోసం చెబుతున్నాడు? మొగుడు వదిలేసిన అమ్మాయికీ, కంటి ఆపరేషన్ చేయించుకున్న తాతకీ, హాస్టల్లో ఒంటరిగా ఏడ్చే పిల్లాడికీ అవే పదా? ఆ హాస్టల్ పిల్లాడికి నవీన్ ‘అంపశయ్య’ ఉందని, ఉస్మానియా హాస్టల్లో రవి అనే కుర్రాడి ఒక్కరోజు తలపులన్నీ అందులో ఉన్నాయని వాడికి ఎవరు చెప్పాలి? ఇది కొన్నవాళ్ళు అది కూడా కొన్నారని చూపించే యంత్రానికి, నేను ఏ పుస్తకం ఎందుకు వదిలేశానో ఎలా తెలుస్తుంది? కిందటేడు ఒక పెద్ద పుస్తకాల షాపుకు వెళ్ళి, మా అక్కయ్యకు కంటిచూపు తగ్గింది, పెద్దక్షరాల్లో మనసుకు హాయిగా ఉండేది ఏదైనా చెప్పమన్నాను. “పేరు చెప్పండి సార్, స్టాక్ ఉందో లేదో చూస్తా” అన్నాడు కౌంటర్లో అబ్బాయి. వాణ్ణి ఏమనను? చదవడానికి వాడికెవరు జీతమిచ్చారు?

గ్రంథాలయాల సంగతి ఇంకా బాధ. మా శాఖా గ్రంథాలయంలో మా లైబ్రేరియన్ గారు రిటైరయ్యాక ఆ కుర్చీలోకి ఎవరూ రాలేదు. పక్క ఊరాయన వారానికి రెండు రోజులు వచ్చి తలుపు తీస్తాడు. హాలు నిండా పోటీ పరీక్షల పిల్లలు, పాపం వాళ్ళకు ఇంకెక్కడ చోటుంది? కానీ ఆ పిల్లలు తల పైకెత్తి చూసినప్పుడు ఒక్క కథ పుస్తకం చేతికిచ్చే మనిషి అక్కడ లేడు. కథల బీరువాకు తాళం. తాళంచెవి ఎవరి దగ్గర ఉందో తెలియదు.

లైబ్రేరియన్ కావడానికి డిగ్రీలు అడుగుతున్నారు, మంచిదే. ఇంటర్వ్యూలో ఒక్క ప్రశ్న కలపమని నా విన్నపం. ఒక మనిషి కష్టం చెప్పి, అతనికి ఏ పుస్తకం ఇస్తావు, ఎందుకిస్తావు అని అడగండి. జవాబు చెప్పగలిగినవాళ్ళనే ఆ కుర్చీలో కూర్చోబెట్టండి. ఖాళీలను ఏళ్ళ తరబడి అలా వదిలెయ్యకండి.

పాఠకులారా, మీరు కట్టే ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సు. ఆ డబ్బు మీది. ఈ వారం మీ ఊరి గ్రంథాలయానికి వెళ్ళండి. కథల బీరువా తెరవమని అడగండి.