రాయని ఇంటిపేర్లు: ఆర్కైవుల్లో దళిత కుటుంబ చరిత్ర

మన పిల్లలు తాతముత్తాతల జాడ వెతుక్కుంటూ లైబ్రరీలకీ ఆర్కైవులకీ పోతున్నారు. పరిశోధన విద్యార్థులే కాదు, టీచర్లు, చిన్న ఉద్యోగులు, రిటైరైన పెద్దలు కూడా పోతున్నారు. మంచిపని. అయితే బస్సెక్కే ముందే ఒక సంగతి తేల్చుకోవాలి. ఆర్కైవు మన కోసం కట్టింది కాదు, శిస్తు కోసం కట్టింది. భూమి లేనోడికి శిస్తు లేదు, శిస్తు లేనోడికి రికార్డు లేదు. 'మీకు చరిత్ర ఎక్కడుందయ్యా, కాగితం చూపించు' అనే పెద్దమనుషులు ముందు ఈ లెక్క తేల్చాలి. కాగితం ఎవరు రాశారు, ఎవరికోసం రాశారు, ఎవరి పేరు రాయకుండా వదిలేశారు?

తెలుగులో వంశచరిత్ర అనగానే కైఫీయతుల దగ్గర మొదలుపెడతారు. కల్నల్ కాలిన్ మెకంజీ కింద కావలి సోదరులూ వాళ్ళ మనుషులూ ఊరూరా తిరిగి పోగుచేసిన కాగితాలవి. వాటికి నకళ్ళు రాయించినవాడు సి.పి. బ్రౌన్. స్థానిక చరిత్రకు అవి గనులంటారు. మేం కాదనడం లేదు. కానీ ఆ గనిలోకి దిగి మాట్లాడిందెవరు? ఎక్కువగా కరణాలు, గుడి పెత్తనందార్లు, అగ్రహారీకులు. ఏ రాజు ఏ మాన్యం ఇచ్చాడు, మిరాశీ ఎన్ని తరాలుగా ఎవరింట్లో ఉంది, ఇదీ అందులో ప్రధానమైన గొడవ. అంటే అవి హక్కు నిలబెట్టుకోడానికి చెప్పిన వంశాలు. హక్కే లేదన్నవాళ్ళ వంశం అందులో ఎందుకుంటుంది? అందులో లేనంత మాత్రాన మనకి తాతలు లేకుండా పోరు గదా.

ఇక రెవెన్యూ రికార్డు. ఆంధ్ర జిల్లాల వాళ్ళు ప్రెసిడెన్సీ కాలం నాటి రెవెన్యూ బోర్డు కాగితాల కోసం మద్రాసు ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్‌కి పోవాలి. తెలంగాణ వాళ్ళు హైదరాబాద్ తార్నాకకి పోవాలి. అక్కడ నిజాం కాలం నాటివి ఫార్సీలో ఉంటాయి, 1880ల తర్వాతవి ఉర్దూలో ఉంటాయి. ఊరి కరణం చేతిరాతయితే గొలుసుకట్టు. తెలుగు మీడియం బడి నుంచి వచ్చిన మన పిల్లకి ఇంగ్లీషుతో కలిపి నాలుగు తాళాలు. దీనికి తోడు ఆర్కైవుల్లో కూర్చోవాలంటే పరిశోధకులమని ఎవరో ఒక ప్రొఫెసర్ ఉత్తరం ఇవ్వాలనే పద్ధతి ఒకటుంది. తాత పేరు వెతుక్కోడానికి మనవరాలినన్న హక్కు చాలదన్నమాట.

సరే, లోపలికి పోయాం. ఏం కనిపిస్తుంది? ఆంధ్రలో సెటిల్‌మెంట్ రిజిస్టర్లు, అడంగళ్ళు. తెలంగాణలో సేత్వార్లు, 1954-55 నాటి ఖాస్రా పహాణీ. పట్టాదారు గడిలో పెద్దకులాల వాళ్ళు ఇంటిపేరుతో, తండ్రి పేరుతో నిండుగా కూర్చుంటారు. మనోళ్ళు ఎక్కడన్నా తగిలితే 'మాల వెంకడు', 'మాదిగ ఎల్లిగాడు'. ఇంటిపేరు ఉండాల్సిన చోట కులం పేరు. మర్యాద ఉండాల్సిన చోట 'గాడు'. ఒకే ఊళ్ళో నలుగురు మాల వెంకళ్ళుంటే మన ముత్తాత ఎవరు? మాలపల్లెలో, మాదిగగూడెంలో ఇంటిపేర్లు లేవా? ఉన్నాయి. పెళ్ళి సంబంధాలు కలుపుకునేటప్పుడు మొదట అడిగేది అదే గదా. లేక కాదు, రాసేవాడికి అక్కర్లేక రాయలేదు.

అయితే ఆర్కైవులో మనం అసలే లేమని చేతులు దులుపుకోవడం కూడా తప్పే. ఉన్నాం. ఎక్కడున్నామో, ఏ ధరకి ఉన్నామో చూడాలి.

ఒకటి, వెట్టి. 1858లో మద్రాసు ప్రభుత్వం వేసిన ఇనాం కమిషన్ గ్రామ సేవకిచ్చిన మాన్యాలను కూడా లెక్కకెక్కించింది. ఆ ఇనాం రిజిస్టర్లలో వెట్టి మాన్యాల దగ్గర మనోళ్ళ పేర్లు వెతకాలి. తెలంగాణలో నీరటి మాన్యాలు, బలూతా ఇనాములు చూడాలి. కానీ అది సేవ చేసినంతకాలం మాత్రమే అనుభవించే నేల. కబురు మోసి, చెరువు తూము కాసి, చాకిరీ చేస్తే తప్ప కాగితం మీద పేరు పడలేదు.

రెండు, బాప్తిస్మం. 1876-78 కరువు తర్వాత, 1878 జులై 3న ఒంగోలు ప్రాంతంలో గుండ్లకమ్మ ఒడ్డున అమెరికన్ బాప్టిస్టు మిషన్ ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మమిచ్చింది. వాళ్ళలో ఎక్కువమంది మాదిగలు. ఆ ఉద్యమానికి తొలి అడుగు వేసింది క్లఫ్ దొరగారు ఒక్కరే కాదు, 1866లో బాప్తిస్మం పొందిన ఎర్రగుంట్ల పేరయ్య. ఇంటిపేరుతో సహా ఆయన మనకి దొరుకుతున్నాడు, చూడండి. 1899లో ఎమ్మా రౌషెన్‌బుష్ క్లఫ్ అచ్చువేసిన పుస్తకంలో పేరయ్య క్రైస్తవం కంటే ముందు ఒక స్త్రీ గురువు దగ్గర రాజయోగం నేర్చుకున్న సంగతి ఉంది. మిషన్ వాళ్ళు తమ గెలుపు కథగా రాసుకున్న పుస్తకంలోంచే మన పాత ఆలోచనల జాడ తీయొచ్చనడానికి ఇది రుజువు. కానీ ఆ మిషన్ కాగితాలు ఎక్కడున్నాయి? అమెరికన్ బాప్టిస్టులవి అట్లాంటాలో, సి.ఎం.ఎస్. వాళ్ళవి బర్మింగ్‌హామ్‌లో, కడపలో పనిచేసిన లండన్ మిషన్ వాళ్ళవి లండన్‌లో. గూడెం తాత కాగితానికి పాస్‌పోర్టు కావాలి.

అసలు చిక్కు అంతకంటే పెద్దది. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు మూడో పేరా హిందువులు కానివాళ్ళని జాబితా నుంచి తప్పించింది. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవుల్ని చేర్చలేదు. మన రాష్ట్రాల్లో దళిత క్రైస్తవుల్ని బి.సి.-సి లో పెట్టారు. అంటే తాత పేరు, తాత తండ్రి పేరు దొరికే ఒకేఒక్క పుస్తకం చర్చి రిజిస్టరయితే, దాన్నే మనవడి సర్టిఫికెట్ మీద సాక్ష్యంగా నిలబెట్టొచ్చు. ఏ కులపోళ్ళ వంశవృక్షానికైనా ఇలాంటి భయం ఉందా? అందుకే ఇంట్లో పెద్దాళ్ళు 'ఆ పాత సంగతులు ఎందుకులేరా' అంటే అది మరుపు అనుకోవద్దు, కాపలా అనుకోండి. పరిశోధకులకి మేం గట్టిగా చెప్పేది ఇదే: బతికున్న కుటుంబాల ఒప్పుకోలు లేకుండా రిజిస్టర్లలోని పేర్లు అచ్చువేయొద్దు. మన థీసిస్ కోసం ఇంకొకరి బిడ్డ సీటు పోగొట్టే హక్కు మనకి లేదు.

మూడు, ఓడ. 1860 నుంచి 1911 దాకా 1,52,184 మందిని నాటాల్ చెరుకు తోటలకి కూలి ఒప్పందం మీద తీసుకుపోయారు. వాళ్ళలో మద్రాసు రేవులో ఎక్కినవాళ్ళే ఎక్కువ. తెలుగు జిల్లాల మాలలూ మాదిగలూ వాళ్ళలో ఉన్నారు. ఓడ జాబితాల్లో ప్రతి మనిషికీ ఒక నెంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు, ఒంటిమీద గుర్తులు. ఆడవాళ్ళకి కూడా విడిగా నెంబరు, పేరు. ఈ జాబితాల మీద సురేంద్ర భానా 1991లో ఒక పుస్తకమే వేశాడు. ఎంత అన్యాయమో చూడండి: ఓడెక్కిన అన్నకి తండ్రి పేరుతో ఒక వరస దక్కింది, ఊళ్ళోనే ఉండి పాలేరుతనం చేసిన తమ్ముడికి ఆ వరస కూడా లేదు. మనిషి తప్పించుకు పోకుండా పట్టుకోడానికి రాసిన జాబితా ఇవాళ కుటుంబ చరిత్రకి ఆధారమయింది. దాన్ని వాడుకుందాం, కానీ తోట యజమాని మనకి మేలు చేశాడని మాత్రం అనుకోవద్దు.

ఇంకో సంగతి. 'మాల', 'మాదిగ' అనే వెతికితే దారి తప్పుతాం. 1917లో బెజవాడ సభలో భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన మనోళ్ళు 'పంచమ' మాటని విసిరికొట్టి ఆది ఆంధ్రులమన్నారు. 1922లో మద్రాసు ప్రభుత్వం కూడా ఆ పేరు ఒప్పుకుంది. అందుకని ఒకే ఇంటివాళ్ళు ఒక ఫైలులో పంచములు, తర్వాతి ఫైలులో ఆది ఆంధ్రులు, ఆ తర్వాత హరిజనులు, చివరికి ఎస్సీలు. ఈ పేర్ల మార్పు గుమాస్తా తెచ్చిపెట్టిన గందరగోళం కాదు, ఉద్యమం వేసిన ముద్ర. అది తెలిసినవాడికే ఫైలు దొరుకుతుంది.

ఇప్పుడు మన పుస్తకాల దగ్గరికి వద్దాం. వై.బి. సత్యనారాయణ 'మై ఫాదర్ బాలయ్య' 2011లో వచ్చింది. సుజాత గిడ్ల 'యాంట్స్ అమాంగ్ ఎలిఫెంట్స్' 2017లో వచ్చింది. రెండూ తరతరాల ఇంటి కథలే. రెండింటికీ ప్రాణం ఇంట్లోవాళ్ళ నోటిమాట. బాలయ్య కథలో ముత్తాత నర్సయ్యకి నిజాం యాభై ఎకరాలిచ్చాడనీ, దొర రెండెకరాలే మిగిల్చాడనీ కుటుంబం చెప్పుకుంటుంది. 'దీనికి రికార్డుందా' అని అడిగే పండితులుంటారు. మా ప్రశ్న వేరు. దొర లాక్కున్న భూమి రికార్డులో ఎవరి పేరున ఎక్కుతుంది? దొర పేరునే గదా. ఆ రికార్డు తెచ్చి కుటుంబం మాట అబద్ధమనడం, దొంగ రాసిచ్చిన రసీదుతో దొంగతనం జరగలేదనడం లాంటిది. అయినా వెతకాలంటాం మేము. సేత్వారులో ఆ రెండెకరాలు ఎవరి పక్కన, ఏ సర్వే నెంబరులో ఉన్నాయో చూస్తే మిగతా నలభై ఎనిమిది ఎవరి కింద కలిశాయో అడగొచ్చు. కుటుంబ చరిత్ర అప్పుడు భూమి ప్రశ్న అవుతుంది. ఈ పని ఆ పుస్తకం చేయలేదు. చేయాల్సింది దాని తర్వాత వచ్చిన మనం.

మనకి సొంత ఆర్కైవు కూడా ఉంది. మాదిగల గోత్రాలూ వంశాలూ ఒప్పజెప్పి, పటం విప్పి జాంబ పురాణం చెప్పే డక్కలివాళ్ళున్నారు. చిందోళ్ళున్నారు. మాదిగల్నే ఆశ్రయించి బతికిన ఆ కులాల్ని మనం కూడా గుమ్మం బయటే నిలబెట్టాం. వాళ్ళని గాయకులుగా సన్మానించి పంపేస్తున్నాం గానీ చరిత్రకారులుగా కూర్చోబెట్టి రాసుకోవడం లేదు. కరణం రాసింది ఆధారమై, డక్కలి చెప్పింది జానపదం ఎలా అవుతుంది? వాళ్ళు చెప్పేదాంట్లోనూ కట్టుకథ కలిసుంటుంది, నిజమే. కైఫీయతుల్లో లేదా?

కాబట్టి ఆర్కైవుకి పోయే పిల్లలు ఉత్త చేతులతో పోవద్దు. ముందు ఇంట్లో అమ్మమ్మనీ నాయనమ్మనీ అడిగి ఇంటిపేర్లు, ఇచ్చిపుచ్చుకున్న ఊళ్ళు, పాలేరుతనం చేసిన ఆసాముల పేర్లు రాసుకోండి. పట్టాదారు గడిలో తాత దొరక్కపోతే ఆసామి దొరుకుతాడు, అతని సర్వే నెంబర్లు దొరుకుతాయి, తాత చెమట కారిన నేల దొరుకుతుంది. ఇద్దరు ముగ్గురు కలిసి పోండి. ఉర్దూ, గొలుసుకట్టు చదవగలిగినవాళ్ళని వెంటబెట్టుకోండి. తీసుకొచ్చిన నకలు ఒకటి ఇంటికి, ఒకటి గూడెంలో అంబేడ్కర్ భవనానికి ఇవ్వండి. ప్రభుత్వాన్ని అడగాల్సింది కూడా ఉంది. ఇనాం రిజిస్టర్లు, సేత్వార్లు తెలుగులో జిల్లా గ్రంథాలయాలకి రావాలి. మనవడో మనవరాలో వస్తే ఏ ప్రొఫెసర్ ఉత్తరమూ అడక్కుండా కుర్చీ వేయాలి.