మురుగు కాలువ మీద ఒక తీర్పు, మైకు మీద ఒక తీర్పు

ఉన్న వీధిలో కాస్త మనుషుల్లా బతకనివ్వండి అంటూ జనం కోర్టు మెట్లెక్కిన కేసులు మన దేశంలో కొల్లలు. వాటిలో సుప్రీంకోర్టు ఇచ్చిన రెండు తీర్పులను పక్కపక్కన పెట్టి చదవాలి. ఒకటి 1980 జులై 29న వచ్చిన రత్లాం మునిసిపాలిటీ తీర్పు. రెండోది 2005 జులై 18న వచ్చిన శబ్ద కాలుష్యం తీర్పు. మొదటిది మురుగు, దుర్గంధం, దోమల గురించి. రెండోది లౌడ్ స్పీకర్లు, టపాసులు, హారన్ల గురించి. మధ్యలో పాతికేళ్ల ఎడం. పర్యావరణ చట్టం పాఠాల్లో రెండింటినీ ఒకే గాట కట్టేస్తుంటారు గానీ, చదివి చూస్తే వాటి దారులు వేరు. ఇంటి పక్క కాలువతోనో, ఎదురింటి ఫంక్షన్ హాలుతోనో వేగుతున్న మామూలు మనిషికి ఏది ఎంత అక్కరకొస్తుందన్నదే ఈ వ్యాసంలో కొలబద్ద.

రత్లాం మధ్యప్రదేశ్‌లోని పట్టణం. అక్కడి పన్నెండో వార్డులో, న్యూ రోడ్డు చుట్టుపక్కల, కప్పు లేని మురుగు కాలువలు. మరుగుదొడ్లు లేని మురికివాడ జనానికి రోడ్డు పక్కే దిక్కు. ఇది చాలదన్నట్టు ఆల్కహాల్ ఫ్యాక్టరీ నుంచి వీధిలోకి పారే కంపు నీళ్లు. అక్కడి వాళ్లు క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 133వ సెక్షన్ కింద సబ్ డివిజినల్ మేజిస్ట్రేటుకు అర్జీ పెట్టుకున్నారు. ఆరు నెలల్లో పథకం తయారుచేసి ఈ పీడ వదిలించమని ఆయన మునిసిపాలిటీని ఆదేశించాడు. సెషన్స్ కోర్టు దాన్ని కొట్టేసింది, హైకోర్టు మళ్లీ నిలబెట్టింది, మునిసిపాలిటీ సుప్రీంకోర్టుకు వెళ్లింది. దాని వాదనల్లో ఒకటి, డబ్బుల్లేవన్నది. ఇంకొకటి మరీ ఘనమైనది: ఆ వీధి ఎలాంటిదో తెలిసే వీళ్లంతా అక్కడ ఇళ్లు కట్టుకున్నారు, ఇప్పుడు గోలపెడితే ఎలా అని! ఇంటి ఓనరు నోట అద్దెకున్నవాళ్లూ, బిల్డరు నోట ఫ్లాటు కొన్నవాళ్లూ ఈ మాట నేటికీ వింటూనే ఉన్నారు.

శబ్దం కేసు పుట్టుక ఇంకా దారుణమైనది. లౌడ్ స్పీకర్ల హోరులో అత్యాచారానికి గురైన పదమూడేళ్ల పిల్ల కేకలు ఎవరికీ వినపడలేదు. ఆ పిల్ల తర్వాత ఒంటికి నిప్పంటించుకుని చనిపోయింది. ఆ వార్త కలచివేసి ఒక ఇంజినీరు 1998లో సుప్రీంకోర్టులో రిట్ పిటిషన్ వేశాడు. ఇక్కడే మొదటి తేడా. రత్లాం వాళ్లు తమ వార్డు కోసం, అందుబాటులో ఉన్న మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లారు. ఇంజినీరు దేశమంతటి కోసం నేరుగా దేశంలోకెల్లా పెద్ద కోర్టుకు వెళ్లాడు. అడిగిన తీరును బట్టే జవాబులూ వచ్చాయి.

ముందు వీటిని రచనలుగా చూద్దాం. రత్లాం తీర్పు రాసింది జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్. పక్కన కూర్చున్నది జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి, ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి వెళ్లిన మనవాడు. కృష్ణయ్యర్ ఇంగ్లిషు ఆడంబరమైనది. ఒక్కోసారి డిక్షనరీ తీయక తప్పదు. కానీ ఆ ఆడంబరం కింద నిప్పుంది. తీర్పు చిన్నది. చదువుతుంటే న్యాయమూర్తికి ఆ వీధి వాసన తగిలిందనిపిస్తుంది. రోడ్డు పక్కన కూర్చునే పేదవాణ్ణి ఆయన తప్పు పట్టడు. మరుగుదొడ్డే లేనివాడికి సిగ్గుపడే వెసులుబాటు ఎక్కడిదని అడిగి, వేలు మునిసిపాలిటీ వైపు చూపిస్తాడు. అర్జీ పెట్టింది ఇళ్లున్న గృహస్థులు. తీర్పు మాత్రం వాళ్లతోపాటు, వాళ్లకు కంటగింపైన మురికివాడ జనం పక్షాన కూడా నిలబడింది. ఈ తీర్పులోని అసలైన గొప్పతనం అదే.

2005 తీర్పు రాసింది అప్పటి ప్రధాన న్యాయమూర్తి ఆర్.సి. లహోటీ. ఇది పాఠ్యపుస్తకం లాంటి తీర్పు. శబ్దమంటే ఏమిటి, చెవికీ నిద్రకూ గుండెకూ అది ఏం చేస్తుంది, అమెరికా, ఇంగ్లండు, జపాన్ వంటి దేశాల చట్టాలు ఏమంటున్నాయి - అన్నీ ఓపిగ్గా పేర్చి చెబుతుంది. రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో ప్రశాంతంగా బతికే హక్కు కూడా ఉందని తేల్చింది. మాట్లాడే స్వేచ్ఛ ఉన్నంత మాత్రాన, వినడం ఇష్టంలేని వాడి చెవిలో మైకు పెట్టి వినిపించే హక్కు ఎవరికీ లేదంది. మన దేశంలో మైకు గురించి ఇంత స్పష్టంగా చెప్పిన మాట అరుదు. సమగ్రతలో రత్లాం తీర్పు దీని దరిదాపులకు రాదు. కానీ సమగ్రత వేరు, పని జరగడం వేరు.

ఆదేశాల దగ్గరికి వద్దాం. రత్లాంలో ఫ్యాక్టరీ మురుగు వెంటనే ఆగాలి. ఆడవాళ్లకూ మగవాళ్లకూ వేరువేరుగా సరిపడా మరుగుదొడ్లు ఆరు నెలల్లో కట్టాలి. నీళ్లివ్వాలి, పొద్దునా సాయంత్రం శుభ్రం చేయించాలి. గడువు తీరేసరికి పని పూర్తయిందని మునిసిపల్ హెల్త్ ఆఫీసరు నివేదిక ఇవ్వాలి. వార్డులో దోమల పని పట్టమని ప్రభుత్వం మలేరియా విభాగానికి చెప్పాలి. కాలువలు కట్టి ఊరుకోకుండా మురికి గుంటలు పూడ్చాలి. ఇవి జరగకపోతే బాధ్యులైన అధికారుల మీద మేజిస్ట్రేటు కేసు పెట్టాలి. చోటు ఫలానా, పని ఫలానా, గడువు ఫలానా, తప్పితే దొరికే మనిషి ఫలానా. డబ్బుల్లేవన్న సాకును కోర్టు ఒప్పుకోలేదు. జనం గౌరవంగా బతకడమన్నది బడ్జెట్‌లో మిగిలితే చూద్దామనే పద్దు కాదని తేల్చేసింది.

2005 తీర్పులో అంకెలుంటాయి. బహిరంగ స్థలంలో లౌడ్ స్పీకర్ వాడితే, ఆ స్థలం హద్దు దగ్గర మోత ఆ ప్రాంతపు ప్రమాణం కంటే 10 డెసిబెల్స్‌కు మించకూడదు, లేదా 75 డెసిబెల్స్ దాటకూడదు. రెండింటిలో ఏది తక్కువైతే అది. ప్రైవేటు సౌండ్ సిస్టమ్ అయితే 5 డెసిబెల్స్ ఎక్కువ వరకే. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా డప్పు, బాకా, యాంప్లిఫయర్ ఏదీ మోగకూడదు. ఇళ్ల మధ్య రాత్రిపూట హారన్ కొట్టకూడదు. హద్దు దాటిన పరికరాలను జప్తు చేసేలా రాష్ట్రాలు ఏర్పాటు చేసుకోవాలి. చదవడానికి బాగానే ఉంది. అయితే ఏ ఊళ్లో ఏ అధికారి ఎప్పటిలోగా ఎవరికి లెక్క చెప్పాలి? రత్లాంలో హెల్త్ ఆఫీసరు ఉన్న చోట ఇక్కడ రాష్ట్రాలనే మాట ఉంది. అందరికీ అప్పగించిన పని చివరికి ఎవరి నెత్తినా పడదు.

అంకెల్లోనూ తిరకాసు ఉంది. ఇది కోర్టు తెచ్చింది కాదు, కేంద్రం 2000 సంవత్సరంలో చేసిన శబ్ద కాలుష్య నియమాల నుంచి వచ్చింది. ఇళ్లుండే ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదు. ఇద్దరు పక్కపక్కన కూర్చుని మాట్లాడుకుంటేనే దాదాపు 60 ఉంటుంది! ఈ లెక్కన మన పట్టణాల్లో ఆటోలు తిరిగే ఏ వీధీ నిబంధనకు లోబడి ఉండదు. అందరూ తప్పు చేస్తున్నప్పుడు ఒకణ్ణి పట్టుకోవడం ఏ ఎస్సైకైనా ఇబ్బందే. పైగా ఆ 55, 45 కొంతసేపటి మోతకు తీసిన సగటు. బరాత్‌లో పది నిమిషాలు గుండెలదిరేలా మోగిన డీజే, గంటల సగటులో ఎంత తేలుతుందో మీటరు దగ్గర నిలబడితే తెలుస్తుంది.

సాక్ష్యం దగ్గర తేడా ఇంకా పెద్దది. కాలువ ఎక్కడికీ పారిపోదు. మేజిస్ట్రేటు ఎప్పుడొచ్చినా కళ్లతో చూస్తాడు, ముక్కు మూసుకుంటాడు. మోత అలా కాదు. రాత్రి పదకొండుకి ఫంక్షన్ హాలు ముందు డీజే బండి ఆగుతుంది. కిటికీ అద్దాలు అదురుతుంటాయి. లోపలి గదిలో షుగరు, బీపీ ఉన్న పెద్దాయన మంచం మీద లేచి కూర్చుంటాడు. ఇంటర్ పరీక్షలున్న పిల్ల చెవుల్లో దూది పెట్టుకుంటుంది. ఎవరో ఒకరు పోలీసులకు ఫోన్ చేస్తారు. ప్యాట్రోలింగ్ బండి రాగానే సౌండ్ తగ్గుతుంది. పెళ్లికొడుకు మేనమామ కానిస్టేబులు భుజం మీద చెయ్యేసి, ఒక్క పావుగంట సార్ అంటాడు. బండి సందు మలుపు తిరిగేసరికి మళ్లీ మొదలు. పొద్దున చూపించడానికి రోడ్డు మీద రంగు కాగితాలు తప్ప ఏమీ ఉండవు.

అన్నిటికంటే లోతైన తేడా ఎదుటి పక్షం ఎవరన్నది. రత్లాంలో వార్డంతా ఒక వైపు, మునిసిపాలిటీ ఒక వైపు. కంపు అందరికీ కంపే, కాలువ బాగుపడితే నష్టపోయేవాడు వీధిలో ఉండడు. మైకు ముందు వీధి రెండుగా చీలిపోతుంది. గుడి కమిటీలో ఉండేదీ, వినాయక మండపానికి చందా ఇచ్చేదీ, కొడుకు పెళ్లికి డీజే మాట్లాడుకునేదీ మనమే. ఫిర్యాదు చేసినవాడి మీద దేవుడికి అడ్డొచ్చాడనో, శుభకార్యం చెడగొట్టాడనో ముద్ర పడుతుంది. అందుకే చెత్త గురించి పది మంది సంతకాలు పెట్టే కాలనీలో మైకు గురించి పెట్టడానికి ఒక్కరూ పెన్ను తీయరు. లహోటీ తీర్పు ఢీకొన్న ప్రత్యర్థి కృష్ణయ్యర్ ప్రత్యర్థి కంటే బలమైనవాడని ఒప్పుకుని తీరాలి. తీర్పు చివర్లో జనంలో అవగాహన రావాలి, పాఠాల్లో చేర్చాలి అన్న మాటలున్నది కూడా అందుకే. అదే ఏడాది అక్టోబరులో సుప్రీంకోర్టే, పండగలకూ సాంస్కృతిక కార్యక్రమాలకూ ఏడాదిలో 15 రోజులు మించకుండా రాత్రి పన్నెండు దాకా సడలింపు ఇచ్చుకోవచ్చన్న నియమాన్ని సమర్థించింది. రత్లాం కాలువకు అలాంటి సెలవుదినాలు ఎవరూ అడగలేదు.

రత్లాం తీర్పుకు లోపాలు లేవని కాదు. అది ఒక్క వార్డు గోడు విన్నది. దేశంలో మిగతా వార్డులన్నీ తమ తమ మేజిస్ట్రేటు దగ్గరికి విడివిడిగా నడవాల్సిందే. ఆ నడక చిన్నదీ కాదు, మేజిస్ట్రేటు నుంచి సుప్రీంకోర్టు దాకా నాలుగు మెట్లు. ఆ ఓపిక, ఖర్చు ఎందరికి ఉంటాయి? 2005 తీర్పుతో ఆ బాధ లేదు. అందులోని రాత్రి పది గంటల గీత శ్రీకాకుళంలోనూ ఆదిలాబాద్‌లోనూ ఒకటే. ఆ గీత గురించి ఇవాళ దాదాపు అందరికీ తెలుసు. పదయింది, మైకు కట్టేయండి అని ధైర్యంగా అనగలిగే మాట మనకు దొరకడంలో ఆ తీర్పు చలవ ఉంది. గమనించారా, దాని ఆదేశాల్లో జనం నోటికి ఎక్కినది డెసిబెల్స్ అంకె కాదు, గడియారం చూసి ఎవరైనా పట్టుకోగల అంకె.

మన రాష్ట్రాల అనుభవమూ ఇదే చెబుతోంది. శబ్దాన్ని ఎప్పటికప్పుడు కొలిచే కేంద్రాలను కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2011 నుంచి పెట్టిన ఏడు నగరాల్లో హైదరాబాద్ ఒకటి. కొలతలు ఏళ్ల తరబడి వస్తూనే ఉన్నాయి, హోరు హోరుగానే ఉంది. 2024 అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలనే నిషేధించారు. ఎన్ని డెసిబెల్స్ అని కొలవడం వేరు, బండి మీద డీజే ఉందా లేదా అని చూడటం వేరు. రెండోది కంటికి కనపడుతుంది. అటు ఆంధ్రప్రదేశ్‌లో 2021లో వచ్చిన చెత్త పన్ను, 2024లో ప్రభుత్వం మారాక పోయింది. పన్ను వేయడం మంచిదా, తీసేయడం మంచిదా అన్నది వేరే చర్చ. వేసినా తీసేసినా చెత్త ఎత్తే బాధ్యత మాత్రం పోదు. డబ్బుల్లేవన్న జవాబు చెల్లదని రత్లాం నాడే తేలింది.

తూకం వేస్తే, ఆలోచనలో 2005 తీర్పు విశాలమైనది, ఆచరణలో 1980 తీర్పు పదునైనది. బాధపడుతున్న మనిషి చేతికి ఆయుధంగా అందేది 1980 తీర్పే. అదృష్టం ఏమిటంటే ఆ ఆయుధం మురుగుకే పరిమితం కాదు. రత్లాం వాళ్లు వాడిన 133వ సెక్షన్ ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 152వ సెక్షన్‌గా ఉంది. జనం ఆరోగ్యానికో, శారీరక సుఖానికో హాని చేసే ఏ వ్యాపారాన్నయినా ఆపమనో, అదుపులో పెట్టమనో ఆదేశించే అధికారం అది మేజిస్ట్రేటుకు ఇస్తుంది. ఇళ్ల మధ్య నడిచే ఫంక్షన్ హాలు వ్యాపారమే కదా! మరోవైపు 2000 నాటి శబ్ద నియమాల్లో ఎనిమిదో నియమం ఉంది. స్టేషన్ ఆఫీసరు నివేదిక మీదో, తనకందిన సమాచారం మీదో, జనానికి ఇబ్బంది కలుగుతోందని నమ్మకం కుదిరితే మోతను ఆపమని అధికారి లిఖితపూర్వకంగా ఆదేశించవచ్చు. ఆ నియమంలో ఎక్కడా డెసిబెల్స్ షరతు లేదు.

కాబట్టి మోతతో వేగుతున్న కాలనీలు నగరంలో శబ్ద కాలుష్యం పెరిగిపోయిందని మహజర్లు రాయడం మానాలి. ఫలానా హాలు, ఫలానా తేదీలు, రాత్రి ఇన్ని గంటల దాకా అని రాసి, నలుగురు కలిసి సంతకాలు పెట్టి, ఆ మేజిస్ట్రేటు అధికారం ఉన్న ఆర్డీవోకో సబ్ కలెక్టర్‌కో ఇచ్చి, రసీదు తీసుకోండి. దానికంటే ముందు, మన ఇంట్లో జరిగే పెళ్లికి డీజే వద్దని అడ్వాన్సు ఇచ్చేనాడే చెప్పండి. లేకపోతే ఆ అర్జీ మీద సంతకం పెట్టే అర్హత మనకుండదు.